నీటిరంగుల్లో ఒక కుర్చీ



ఈ తెర మీద బొమ్మ చూడండి. అది రాజుగారి సింహాసనం కాదు. అమెరికాలో షేకర్లు అనే ఒక క్రైస్తవ శాఖవాళ్లు తమ వాడకానికి చేసుకున్న మామూలు చెక్క కుర్చీ. వీపు ఆనేచోట నిచ్చెన మెట్లలాంటి అడ్డపలకలు, కూర్చునేచోట మన నవారు మంచంలాగే గుడ్డపట్టీల అల్లిక. గది ఊడ్చేటప్పుడు ఈ కుర్చీల్ని గోడకున్న కొయ్య మేకులకు తగిలించేసేవారు. అంత తేలిక!

బొమ్మలో గది లేదు, మనిషి లేడు. కాగితం మీద కుర్చీ ఒక్కటే, కాళ్ల దగ్గర పలచటి నీడ. నీటిరంగుల్లో వెలుగంటే చాలావరకు రంగు వేయకుండా వదిలేసిన కాగితమే. ఎక్కడ వదలాలో ముందే తెలియాలి. ఒక పొర ఆరాకే దానిమీద ఇంకో పొర. తొందరపడితే మరకే. అందుకే చిత్రకారుడు పట్టీ కింద పట్టీ ఎలా దూరిందో తేల్చుకున్నాకే కుంచె ఆనించాడు.

1930ల్లో అక్కడ పెద్ద ఆర్థిక మాంద్యం. పని లేని చిత్రకారులకు ప్రభుత్వం జీతమిచ్చి ఇలాంటి ఇంటి సామాన్ల బొమ్మలు వేయించింది. 1935లో మొదలై 1942 దాకా సుమారు 18,000 బొమ్మలు తయారయ్యాయి. ఇప్పుడవి వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఉన్నాయి. చాలా గొప్ప పని, మాకెంతో ఇష్టం కూడా.

కానీ ఆ పనిలో అమెరికా ఆదివాసుల వస్తువులకు చోటివ్వలేదు. అవి మానవశాస్త్రం వాళ్లు చూసుకుంటారులే అని పక్కన పెట్టారు. వలస వచ్చినవాళ్ల కుర్చీ కళ అయింది, ఆ నేల మీద ముందునుంచీ ఉన్నవాళ్ల బుట్ట పరిశోధన సరుకైంది. ఈ తేడా మనకు కొత్తా?

మన గూడేల్లో ప్లాస్టిక్ కుర్చీ వచ్చాక పాత పీట పొయ్యిలోకి పోతోంది. ఫోన్లో ఫోటో తీసుకుంటాం కదా అంటారు. తీయండి, మంచిదే. అయితే నులక మంచం అల్లికలో ఎన్ని పేటలున్నాయో ఫోటో తీసేవాడు లెక్కపెట్టడు. గీసేవాడికి లెక్కపెట్టక తప్పదు. లెక్క కుదరకపోతే తాతనే అడగాలి.

ఆ అమెరికా బొమ్మల్లో గీసినవారి పేరు ఉంటుంది కానీ, వస్తువు చేసినవారి పేరు చాలావాటికి దొరకదు. మీరు గీసే బొమ్మ వెనక ఏ చెట్టు కర్ర, ఎన్ని జానలు, ఎవరు చెక్కారు, ఎవరు అల్లారు అన్నది మన మాటల్లోనే రాయండి. కాగితాలూ రంగులూ సంఘం ఇస్తుంది. సభ అయ్యాక పేరిచ్చి తీసుకెళ్లండి.