కిరాయి ఒకటో తారీఖుకు, పైసలు పంటకు

(కాజీపేటలో ఆదివాసీ విద్యార్థుల కూడికలో మాట్లాడింది)



ఆసిఫాబాద్, మంచిర్యాల దిక్కు నుంచి రైలెక్కి వచ్చినోళ్ళున్నరు. ఏటూరునాగారం, మంగపేట నుంచి బస్సుల వచ్చినోళ్ళున్నరు. హాస్టల్ సీటు దొరకనోళ్ళం ఈ కాజీపేటల, హన్మకొండల ముగ్గురు నలుగురం కలిసి రూములు తీసుకొని చదువుతున్నం. ఇయ్యాల పైసల లెక్క మాట్లాడుకుందాం. మీటింగుల ఇదేం ముచ్చట అనుకోకండి. మన పిల్లలు డిగ్రీ నడుమల బ్యాగు సదురుకొని ఊరికి పోయేది చదువు రాక కాదు, కిరాయి కట్టలేక.

ఫోన్ల వీడియోలు చూస్తం గదా, జీతంల సగం అవసరాలకు, ముప్పై శాతం కోరికలకు, ఇరవై శాతం పొదుపుకు అని. మంచిదే. కానీ అది నెలనెలా జీతం పడేటోళ్ళ లెక్క. మన ఇండ్లల్ల పైసలు నెలకు రావు. ఎండకాలం తునికాకు కల్లం నడిస్తే వస్తయి. చలికాలం పత్తి అమ్మితే వస్తయి. స్కాలర్‌షిప్ ఏ ఏటిది ఏ ఏడు పడుతదో మీకే ఎరుక. కిరాయి మాత్రం ఒకటో తారీఖు రాంగనే అడుగుతరు. మనం అప్పుల పడేది ఈ సందులనే. అందుకే మన బడ్జెట్ నెలకు కాదు, ఏడాదికి వెయ్యాలె.

ఒక లెక్క వేస్త, మీ రూముకు తగ్గట్టు మార్చుకోండి. ముగ్గురుంటే మనిషికి కిరాయి 1,500. కరెంటు, నీళ్ళు 250. బియ్యం ఇంటి నుంచి తెచ్చుకుంటే గ్యాసు, కూరగాయలు, కిరాణం 1,500. ఫోన్ రీఛార్జి 300, ప్రయాణం 300, జిరాక్సులు, పుస్తకాలు 300. మొత్తం 4,150. చెల్లెళ్ళకు 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీ బస్సు ఫ్రీ కాబట్టి కొంత తగ్గుతది. పది నెలలకు 41,500. దీనికి పరీక్ష ఫీజులు 3,000, రూము అడ్వాన్సు 1,500, పండుగలు, మేడారం 1,500 కలపండి. 47,500. మేడారం ఖర్చును దుబారా అనేటోళ్ళుంటరు, అననీయండి. రెండేండ్లకోసారి తల్లుల దగ్గరికి పోయేది ముందే రాసి పెట్టుకుంటే అప్పు కాదు.

ఇప్పుడు అమ్మానాయినలతోటి కూసొని మాట్లాడండి. తునికాకు పైసలు చేతికి రాంగనే జూన్ నుంచి పత్తి అమ్మేదాక సరిపోయే కిరాయి పక్కకు తియ్యాలె. ఇంట్ల పెడితే ఉండవు, ఖాతాల వెయ్యండి. కనీస నిల్వ అక్కరలేని ఖాతా ఏ బ్యాంకులనైనా ఇస్తరు. స్కాలర్‌షిప్‌ను మాత్రం ఈ లెక్కల కలపకండి. వస్తే పాత బాకీ తీర్చుకుందాం. రాని పైసలను నమ్ముకొని రూము తీసుకోవద్దు.

ఆ సందుల లోన్ యాప్ దూరుతది. ఐదు వేలు అంటడు, కోతలు పోను మూడున్నర వేలు ఏస్తడు, వారానికి ఐదు వేలు కట్టుమంటడు. అంటే వారానికే నూటికి నలభై రూపాయల పైన వడ్డీ. మన ఊళ్ళె షావుకారి నెలకు నూటికి మూడు తీసుకుంటేనే తిట్టుకుంటం! షావుకార్ల మీద షెడ్యూల్డ్ ప్రాంతాలకు 1960లనే రెగ్యులేషన్ వచ్చింది. ఈ యాప్‌ల మీద రిజర్వ్ బ్యాంక్ 2022ల రూల్స్ పెట్టింది. మీ ఫోన్ల ఉన్న నంబర్లు వాళ్ళు చూడొద్దు. మొత్తం వడ్డీ ఎంతో ముందే కాగితం మీద చూపియ్యాలె. బెదిరిస్తే 1930కి ఫోన్ చెయ్యండి, ఇజ్జత్ పోతదని ఒక్కరే రూముల కూసోకండి. అంతకంటె, రూముకో డబ్బా పెట్టి మనిషికి నెలకు వంద వేసుకుంటే ఎవరికన్న జ్వరమొచ్చిన రోజు యాప్ తెరిచే పని ఉండదు.

ఒక మాట గవర్నమెంటు గురించి. 2024ల కాలేజీ హాస్టళ్ళ డైట్ ఛార్జీలు నెలకు 1,500 నుంచి 2,100 చేసిండ్రు. కొట్లాడితేనే పెరిగినయి. అయినా రోజుకు 70 రూపాయలే. దాంతోటి మూడు పూటల తిండి ఎట్లయితదో మన రూము లెక్కలు చూపెట్టి అడగొచ్చు. అందుకే ఈ నోట్‌బుక్ దాచుకొనేది కాదు.

చివరి పేజీల "రావాల్సింది" అని ఒక గడి గీయండి. ఏ ఏటి స్కాలర్‌షిప్, అప్లికేషన్ నంబర్ ఎంత, ఎంత ఆగింది, కాలేజీ ఎంత కట్టించుకున్నది, అన్నీ రాయండి. రశీదులు జతపెట్టండి. వచ్చే ఆదివారం ఇక్కడికే తెండి, అందరివి ఒక్కటి చేద్దాం. సోమవారం కలెక్టరేట్‌ల ప్రజావాణి ఉంటది, పొద్దున పదింటికల్లా అక్కడుండాలె.