రక్తం ఇచ్చేముందు ఒక్కమాట



ఆ మధ్య దోమలగూడలో మా పక్కింటి పిన్నిగారింటికి ఇద్దరు కుర్రవాళ్లు వచ్చారు. "కులాల పుట్టుపూర్వోత్తరాల మీద పరిశోధనండీ, కాస్త రక్తం ఇస్తే చాలు" అన్నారు. ఆవిడ వాళ్లకు కాఫీ ఇచ్చి, రక్తమూ ఇచ్చి, కాగితం మీద సంతకమూ చేశారు. సాయంత్రం ఆ కాగితం నకలు పట్టుకొచ్చి "ఇంగ్లీషులో ఉందే అమ్మాయ్, ఏం రాశారో చూడు" అన్నారు. చేయి చాచకముందు అడగవలసిన మాట!

ఈ పరిశోధనలు వద్దని నేననను. పిన్నిగారు ఆర్యవైశ్యులు. ఆపరేషనప్పుడు కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ అనే మందు మామూలుగా కొద్ది నిమిషాల్లో దిగిపోతుంది. ఈ కులంలో కొందరికి గంటల తరబడి దిగదు. అంతసేపూ యంత్రమే వాళ్లకు ఊపిరి అందించాలి. ఆ మందును విరగ్గొట్టే ఎంజైము ఒంట్లో కొరవడటమే కారణం. ఎందుకిలా? హబ్సిగూడలోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు తంగరాజ్, లాల్జీ సింగ్, అమెరికాలోని డేవిడ్ రైక్ ప్రభృతులతో కలిసి 25 సమూహాలను పరిశీలించి 2009లో 'నేచర్' పత్రికలో రాశారు. వైశ్యులు నూరు తరాలకు పూర్వం కొద్దిమంది మూలపురుషుల నుంచి వచ్చి, తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటున్నారని తేలింది. మేనరికాలు వద్దని చెప్పుకుంటాం గాని, నూరు తరాలు కులంలోనే తిరిగితే అదీ దూరపు మేనరికమే కదా! ఒక్క కులం సంగతే కాదు. 2017లో వెలువడిన అధ్యయనంలో దక్షిణాసియాలోని 263 సమూహాల్లో 81 ఇలాంటివేనని తేలింది.

పిన్నిగారు ఇచ్చింది తన రక్తమే. అందులో బయటపడే గుట్టు మాత్రం అక్కచెల్లెళ్లదీ, మనవరాళ్లదీ, సంతకం పెట్టని ఆ కులం వాళ్లందరిదీ. రేపు సంబంధం చూడవచ్చినవాళ్లు "ఆ కులంలో ఏదో లోపముందిటగా" అంటే? ఒక్క తల్లి నుంచో, ఒక్క తండ్రి నుంచో ఆ లోపం వచ్చినవాళ్లు సాధారణంగా నిక్షేపంలా ఉంటారని పెళ్లిళ్ల పేరయ్యకు ఎవరు చెబుతారు? ఆ సీసా ఏ దేశానికి పోతుందో, రేపు దానితో ఇంకేం చూస్తారో అదో బెంగ.

భారత వైద్య పరిశోధనా మండలి 2017 నాటి మార్గదర్శకాల ప్రకారం మనకు అర్థమయ్యే భాషలో చెప్పి మరీ ఒప్పుదల తీసుకోవాలి. ఎప్పుడైనా సరే, నేను మానుకుంటున్నానని చెప్పే హక్కు మనకుంది. అడగండమ్మా, మొహమాటపడకండి. కూరగాయలవాణ్ణి అడగమూ?

కాగితంలో ఉన్న నంబరుకు ఫోను చేయించాను. "నాకా మందు పడుతుందో లేదో చెప్తారా నాయనా?" అన్నారు పిన్నిగారు. ఎవరి ఫలితం వారికి చెప్పే ఏర్పాటు లేదట.

వచ్చే నెల ఆవిడకు పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషను. ఒకప్పుడు వాళ్ల అన్నయ్యగారు ఆపరేషనయ్యాక తెల్లవార్లూ యంత్రం మీదే ఉన్నారట. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. మొన్న మత్తు డాక్టరుతో చెప్పారు. ఆయన కేసు షీటు మీద ఎర్రసిరాతో రాసుకుని, ఆ ఎంజైము పరీక్షకు రక్తం తీయించారు. ఈసారి పిన్నిగారు ఎందుకో అడిగి మరీ ఇచ్చారు.