ఇంటిని మించిన క్షేమం

2020ని ఒకసారి గుర్తు చేసుకోమన్నారు. చేసుకుంటే నాకు నవ్వే వస్తుంది. ఆడవాళ్లకు ఇల్లే ప్రమాదకరమైన చోటని నా థీసిస్ నిండా రాశాను. మార్చి 25న లాక్‌డౌన్ పెట్టి, ఇంటిని మించిన క్షేమం లేదన్నారు! (ఆ నెలల్లో మా ఇంట్లో అంట్లెవరు తోమారో ఈ సభలో అడక్కండి.)

ఏప్రిల్‌లో జాతీయ మహిళా కమిషన్ ఫిర్యాదులకు వాట్సాప్ నంబరు ఇచ్చింది. మంచిదే. ఫోను మాత్రం భర్త జేబులో ఉండేది.

బడులింకా మూసే ఉన్నాయి. మే మొదటి వారంలో మద్యం దుకాణాలు తెరిచారు. 1992లో సారా మీద తిరగబడ్డ దూబగుంట ఆడవాళ్లను తలుచుకున్నాను. అప్పటి నుంచి ఒకామె, భర్త నిద్రపోయాక ఆ ఫోను తీసుకుని, బాత్‌రూంలో కుళాయి విప్పి, ఆ చప్పుడు చాటున నాతో మాట్లాడేది. వాళ్ల వీధికి నీళ్లు రోజు విడిచి రోజు. మా కౌన్సెలింగూ అంతే.