ఎలుకల గదిలో పిల్లికూతలు

(వనస్థలిపురంలో జరిగిన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఒక పరిశోధన సంస్థలో ఎలుకల గది చూసుకునేవాణ్ణి. ఏ సంస్థో ఇప్పుడెందుకు లెండి. 1976లో ప్రయోగ జంతువుల కేంద్రం వచ్చిన తార్నాక జాతీయ పోషకాహార సంస్థ మాత్రం కాదు. పంజరాలు కడగడం, తడిసిన ఊక తీసి కొత్త ఊక పరవడం, మేత వేయడం, ఇదీ నా ఉద్యోగం.

రెండో ఏడు తుమ్ములు. మూడో ఏటికి రాత్రిళ్లు పిల్లికూతలు. "ఎలుకల గదిలో పిల్లి కూస్తోందయ్యా" అని తోటివారు నవ్వేవారు. నేనూ నవ్వాను. మృగశిర నాడు చేప మందు కోసం క్యూలోనూ నిలబడ్డాను. అంతా ఊక దుమ్మేనని మా నమ్మకం.

చాలా ఏళ్లకు ఒక డాక్టరుగారు ముంజేతి మీద మందు చుక్కలు వేసి, సూదితో గుచ్చి, పావుగంట కూర్చోబెట్టారు. రెండు చోట్ల దద్దు లేచింది. ఒకటి ఎలుక మూత్రంలోని ప్రొటీనుకు. అది ఎండి, ఊక దులిపినప్పుడల్లా గాలిలోకి లేస్తుందట. రెండోది డస్ట్ మైట్లకు, అంటే దుమ్ము పురుగులకు. మిల్లీమీటరులో మూడో వంతు ఉంటాయి, కంటికి ఆనవు. కుట్టవు, కరవవు. వాటి రెట్టే మనకు పడదు. తమాషా ఏమంటే అవి ఎలుకల పురుగులు కావు. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తిని, గాలిలోని చెమ్మతో పరుపుల్లో, బట్టల్లో బతుకుతాయి. మన బట్టలతోనే ఆ గదిలోకీ చేరతాయి. మేత బస్తాల్లో పెరిగేవి వాటి దాయాదులు.

"డ్యూటీ బట్టలతోనే ఇంటికి వెళ్లేవారా?" అని డాక్టరుగారు అడిగారు. జవాబు చెప్పలేకపోయాను. సాయంత్రం గుమ్మంలోనే మా చిన్నవాడు నా భుజమెక్కేవాడు. మా ఆవిడ ఆ చొక్కాలను ఇంటి బట్టల్లో కలిపే ఉతికేది. చిన్నవాడికీ ఉబ్బసం వచ్చింది. నా వల్లనేనని డాక్టరుగారు అనలేదు. కాదనీ అనలేదు.

ఈ రోజుల్లో మంచి జంతుశాలల్లో బట్టలు మార్చుకుని, మాస్కు పెట్టుకుని, దుమ్మును లోపలికి లాగేసే బల్ల మీద ఊక తీస్తారు. మాకు దక్కింది ఒక ఖాకీ కోటు, జేబురుమాలు.

మీలో ఎవరికైనా ఆయాసముంటే, డాక్టరుకు వయసుతో పాటు చేసిన పనీ చెప్పండి. అంతకుముందు నన్ను ముగ్గురు చూశారు. వారు అడగలేదు, నేను చెప్పలేదు. దుప్పట్లు వారానికోసారి బాగా వేడినీళ్లలో ఉతికించండి.

ఇవాళ నన్ను స్కూటరు మీద తీసుకొచ్చింది మా చిన్నవాడే. వెనక వరసలో కూర్చున్నాడు. చొక్కాల సంగతి వాడు వినడం ఇదే మొదటిసారి. సెలవు.