దవడ కీలు – దాని బాధలు



మన శరీరమునందలి కీళ్లలో మిక్కిలిగా పనిచేయునది యేదియని యడిగినచో, మోకాలని కొందరును, భుజమని కొందరును చెప్పుదురు. చెవికి ముందు దాగియున్న దవడ కీలు ఎవ్వరికిని జ్ఞప్తికి రాదు. మాటాడునపుడు, నమలునపుడు, మ్రింగునపుడు, ఆవులించునపుడు అది కదలుచునే యుండును. నొప్పి కలిగినప్పుడు సైతము మనము దానిని తలంపము. పంటిని నిందింతుము, చెవిని నిందింతుము. ఈ పొరపాటు వలన కలుగు నష్టమెట్టిదో, దానిని తప్పించుకొను విధమెట్టిదో నేడు మీకు విన్నవించెదను.

ఈ విషయమున మొదట నా తప్పునే చెప్పుకొనుట న్యాయము. నేను జహీరాబాదు ప్రాంతమున దంతవైద్యము ప్రారంభించిన క్రొత్తలో, ఒక పల్లె నుండి 60 ఏండ్ల అవ్వ నా యొద్దకు వచ్చినది. కుడి దవడ పంటిలో పోటనియు, జొన్నరొట్టె నమలలేకున్నాననియు, నొప్పి చెవిలోనికి ప్రాకుచున్నదనియు చెప్పినది. ఆ వైపున వెనుక పన్నొకటి కొంచెము అరిగియుండెను. తీసివేయుమని ఆమె పట్టుబట్టినది, నేను తీసివేసితిని. ఎనిమిదవ నాడు మరల వచ్చి, “పన్ను పోయింది గాని నొప్పి పోలేదు బిడ్డా” అన్నది. అప్పుడు గాని నాకు బుద్ధి రాలేదు. ఆమె చెవి ముందు వ్రేలుంచి నోరు తెరువుమంటిని. వ్రేలి క్రింద టక్కుమని కదలిక తగిలినది. రెండు వ్రేళ్ల మేరకంటె నోరు తెరచుకొనలేదు. అచ్చట మెల్లగా నొక్కగానే, “అదే, అదే” అని మొగము చిట్లించినది. నొప్పి పంటిది కాదు, కీలుది. ఆమెకు అన్ని యేండ్లు రొట్టె నమిలిపెట్టిన పన్నును నేను నిష్కారణముగ ఊడబెరికితిని.

మీరును ఇప్పుడే ఆ కీలును కనుగొనవచ్చును. రెండు చూపుడు వ్రేళ్లను రెండు చెవుల ముందు ఆనించి, నోటిని మెల్లగా తెరచి మూయుడు. వ్రేళ్ల క్రింద కదలునదియే దవడ కీలు. దవడను మన వైపు దౌడ యని గూడ అందురు. క్రింది దవడ యెముక ఒక్కటియే యైనను, దాని రెండు కొనలయందును కీళ్లు గలవు. ఒకటి కదలిన రెండవది కదలక తప్పదు. కాడికి కట్టిన జోడెడ్ల వంటివి. ఒక యెద్దు కుంటిన చాలు వంకరపోవునట్లు, ఒక కీలు పట్టుకొన్నచో నోరు తెరచునపుడు గడ్డము ఆ వైపునకు ఒరుగును.

ఈ కీలు తలుపు బందువలె తిరుగుటయే గాక, నోరు పెద్దదిగా తెరచినపుడు ముందుకు జారును గూడ. ఎముకకును ఎముకకును నడుమ రాపిడి లేకుండ మెత్తని బిళ్ల యొకటి యుండును. ఆ బిళ్ల కొంచెము ముందుకు తొలగి, నోరు తెరచునపుడు మరల చోటికి వచ్చినచో టక్కుమని చప్పుడగును. చోటికి రాక అడ్డుపడినచో నోరు పూర్తిగా తెరచుకొనదు. దవడను నడపు కండరములు బుగ్గలయందును కణతలయందును గలవు. పెక్కుమందికి నొప్పి కీలునందుకంటె ఈ కండరములయందే పుట్టును. అందుచేతనే కణత నొప్పి వట్టి తలనొప్పియని తోచును.

ఇక ఆనవాళ్లు చెప్పెదను. మొదటిది, చెవి ముందు గాని, బుగ్గలో గాని, కణతలో గాని నొప్పి యుండి, నమలినప్పుడును ఆవులించినప్పుడును హెచ్చుట. రెండవది, ఉదయము లేవగానే దవడ బిగిసియుండి, కొంతసేపటికి సడలుట. మూడవది, నోరు తెరచుటలో అడ్డు తగులుట, లేదా గడ్డము ఒక ప్రక్కకు పోవుట. నాల్గవది, చెవిలో నొప్పి యున్నను చెవివైద్యుడు చూచి చెవి బాగుగనే యున్నదని చెప్పుట. నోటి కొలతకు సాధనమేమియు నక్కరలేదు. మీ మూడు వ్రేళ్లను నిలువుగా చేర్చి పై పండ్లకును క్రింది పండ్లకును నడుమ పెట్టి చూడుడు. అవి పట్టినచో నోరు చాలినంతగా తెరచుకొనుచున్నదని యర్థము. పెద్దవారికి సాధారణముగ 40 మిల్లీమీటర్లో అంతకు కొంచెము హెచ్చుగనో తెరచుకొనును. 35 కు తగ్గినచో వైద్యునికి చూపవలెను.

ఇచ్చట ఒక మాట జ్ఞాపకముంచుకొనుడు. నొప్పి లేక, అడ్డు లేక, వట్టి చప్పుడు మాత్రమే యున్నచో భయపడవలసిన పని లేదు. అట్టి చప్పుడు ఆరోగ్యవంతులలో ననేకులకు గలదు. దానికి చికిత్సయు అక్కరలేదు.

ఈ బాధకు కారణ మొక్కటియే యని చెప్ప వీలులేదు. దెబ్బ తగులుట యొకటి, కీళ్లవాతము మరియొకటి. మనసులోని దిగులుచే తెలియకయే పండ్లు బిగబట్టుట, నిద్రలో పండ్లు కొరుకుట వీనికంటె తరచుగ కనబడును. మన జహీరాబాదు నేల చెరకునకు పేరు పొందినది. గడను పండ్లతో చీల్చి గంటల తరబడి నమలువారికి ఆ రాత్రి దవడ పట్టుటలో వింత లేదు. ఒక వైపు పండ్లు పోయి, రొట్టెనంతయు రెండవ వైపుననే నమలు వృద్ధులకును కండరములు అలసిపోవును. నే చెప్పిన అవ్వకు ఆ యేడు వానలు తప్పి కంది పంట పోయినది. బిడ్డ పెండ్లికి చేసిన అప్పు తీరలేదు. రాత్రులు పండ్లు పటపట కొరుకుచున్నదని ఆమె మనుమరాలు చెప్పువరకు ఆమెకే తెలియదు.

1934 సంవత్సరమున అమెరికాలోని సెయింట్ లూయీ నగరమున జేమ్స్ కాస్టెన్ అను చెవివైద్యుడు, వెనుక పండ్లు పోయినవారికి దవడ కీలుపై భారము పడి చెవి నొప్పి, చెవిహోరు, తలనొప్పి కలుగునని వ్రాసెను. చెవి బాధలకు దవడ వైపు గూడ చూడవలెనని వైద్యలోకమునకు తెలిపిన గౌరవ మాయనది. కాని పండ్ల పొందిక చెడుటయే సర్వమునకు మూలమను మాట తరువాతి పరీక్షలలో నిలువలేదు. కావున దవడ నొప్పికని మంచి పండ్లను అరగదీయించుకొనుటయు, తీయించుకొనుటయు తగదు. పోయిన పన్ను మరల రాదు. సడలిన కీలు మాత్రము తరచుగ తనంత తానే నెమ్మదించును.

చికిత్స మన యింటనే ప్రారంభింపవచ్చును. కాలు బెణికినవాడు కాలికి విశ్రాంతి నిచ్చును గదా! దవడకును అట్లే యీయవలెను. కొన్ని వారములు జొన్నగటక, జావ, మెత్తని అన్నము, పప్పులో నానిన రొట్టె తినవలెను. చెరకు, వక్క, వేయించిన గింజలు మానవలెను. వేడినీట ముంచి పిండిన గుడ్డతో, చర్మము కాలకుండ, దినమునకు రెండు మూడు మారులు పావుగంట సేపు కాపడము పెట్టవలెను. ఆవులింత వచ్చినప్పుడు గడ్డము క్రింద పిడికిలి యానించి నోరు మిక్కిలి తెరచుకొనకుండ చూచుకొనవలెను. అన్నిటికంటె ముఖ్యమైనది, పెదవులు కలిసియున్నను పండ్లు కలియకుండ నుంచుట. భోజన సమయమున తప్ప పై పండ్లును క్రింది పండ్లును ఆనియుండ నక్కరలేదు. ఈ చిన్న సంగతి నూటికి ఒక్కరైన ఎరుగుదురో లేదో!

నొప్పి మాత్రలను అంగడిలో కొని నెలల తరబడి మ్రింగుట వృద్ధులకు ప్రమాదము. వానిలో ననేకములు కడుపునకును మూత్రపిండములకును హాని చేయును, రక్తపు పోటును హెచ్చించును. వైద్యుని యడిగి కొలది దినములు మాత్రమే వాడవలెను. రాత్రులు పండ్లు కొరుకువారికి దంతవైద్యుడు పండ్లపై తొడుగు చేసియిచ్చును. దవడకు మెల్లని కసరత్తులు నేర్పును. శస్త్రచికిత్స అవసరమగువారు బహు కొద్దిమంది. మన అవ్వ ఈ పద్ధతిచేతనే ఆరు వారములలో మరల రొట్టె తినగలిగినది.

కొందరికి పెద్దగా ఆవులించినప్పుడు దవడ కీలు జారి, నోరు మూతపడక తెరచియే యుండిపోవును. చూచువారికి భయము, పడువారికి సిగ్గు. దీనిని గాలి సోకెననియు దయ్యము పట్టెననియు తలచి చెంపపై కొట్టుట మూర్ఖత. ఇది మన పూర్వులెరుగని సంగతి కాదు. సుశ్రుత సంహితయందు జారిన దవడ కీలుకు కాపడము పెట్టి, చోటికి చేర్చి, కట్టు కట్టుమని విధి గలదు. సుమారు 3,500 సంవత్సరముల నాటి ఈజిప్టు వైద్యపత్రమునందును దవడను చోటికి చేర్చు విధము కలదు. నేటికిని వైద్యుడు వెనుక పండ్లపై బొటనవ్రేళ్లుంచి, దవడను క్రిందికిని వెనుకకును నెట్టి సరిచేయును. ఇంటివారు తామే లాగక, గడ్డమునకు గుడ్డ ఆసరాగ నిచ్చి తోడనే ఆసుపత్రికి కొనిపోవలెను. ఆలస్యమైనకొలది కండరములు బిగిసి పని కష్టమగును.

ఇంతవరకు నెమ్మదింపదగిన బాధను చెప్పితిని. కాని దవడ నొప్పి యంతయు కీలు నొప్పి కాదు. పెద్దలగు మీరు మూడు సంగతులను ముఖ్యముగ మనస్సున నుంచుకొనవలెను.

ఒకటి గుండె. మెట్లెక్కునపుడో, మూట మోయునపుడో దవడ లాగి, నిలిచినంతనే తగ్గినచో అది గుండె పిలుపు కావచ్చును. వెంటనే వైద్యునికి చూపవలెను. నిలిచినను తగ్గకున్నను, దానికి తోడు చెమటలు, ఆయాసము, రొమ్ము బరువు, ఎడమ చేతి లాగుడు కలిగినను, కాపడము పెట్టుచు కూర్చుండరాదు. ఆ క్షణముననే 108 కు ఫోను చేయవలెను. నొప్పి నమలుటచే హెచ్చునా, నడచుటచే హెచ్చునా యను నీ యొక్క ప్రశ్న ప్రాణము నిలుపగలదు. అయినను సందేహమున్నచో గుండెయనియే తలంచి పొండు.

రెండు ధనుర్వాతము. ముల్లో, కొడవలియో, త్రుప్పుపట్టిన మేకో గుచ్చుకొన్న కొలది దినములకు, తరచుగ 3 మొదలు 21 దినముల లోపల, నోరు బిగియుట దాని మొదటి లక్షణము. మెడ బిగియుట, మ్రింగలేకపోవుట తోడైనచో ఒక్క పూట గూడ ఆగరాదు. ప్రభుత్వ ఆసుపత్రులలో నిచ్చు టీకాతో ఈ వ్యాధిని పూర్తిగ నివారింపవచ్చును.

మూడు వక్కయు గుట్కాయు. 1952 లో కెన్యా దేశమున నివసించు అయిదుగురు భారతీయ స్త్రీలయందు నోటిలోపలి పొర గట్టిపడి నోరు తెరచుకొనకపోవుటను ష్వార్ట్జ్ అను వైద్యుడు మొదట వర్ణించెను. వక్కయే దీనికి ముఖ్య కారణమని పిమ్మట తేలినది. నేడు మన పల్లెలలో 20 ఏండ్ల పిల్లవాడు కారము తినలేక, నోరు తెరువలేక వచ్చుచున్నాడు. చెవి ముందు నొప్పి యుండదు. బుగ్గ లోపల తెల్లబారి త్రాళ్లవలె పట్టియుండును. ఇది క్యాన్సరుగా మారవచ్చును. వక్కను, గుట్కాను తోడనే మాన్పించి, వైద్యునికి చూపించుటయే కర్తవ్యము.

మరి యెచ్చటికి పోవలెనని యడుగుదురు. జహీరాబాదు ప్రభుత్వాసుపత్రి మీకు దగ్గర. సంగారెడ్డిలో దంతవైద్య కళాశాల గలదు. హైదరాబాదున అఫ్జల్‌గంజిలో ప్రభుత్వ దంతవైద్యశాల గలదు. పన్ను తీయించుకొనుటకు కుర్చీలో కూర్చున్నప్పుడు, “అయ్యా, ఈ నొప్పి పంటిదేనా, దవడ కీలుది కాదు గదా?” యని ఒక్కమారు అడుగుడు. మంచి వైద్యుడు కోపింపడు. ఆనాడు ఆ అవ్వ నన్నట్లు అడిగియున్నచో, ఆమె పన్ను ఆమెకు దక్కియుండెడిది.

ఊరిలో ఎవరికి నొప్పి వచ్చినను మొదట మీ సలహా కొరకే వత్తురు. చెవి ముందు వ్రేలుంచి చూచుట, మూడు వ్రేళ్లతో నోరు కొలుచుట, నడచిన హెచ్చునా నమలిన హెచ్చునా యని యడుగుట, ఈ మూడును మీరు నేర్చి పదిమందికి నేర్పుదురు గాక. సెలవు.