గంజి పడుగుకు, పప్పు మనిషికి

(సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం సెక్రటరీలు మైకు పట్టుకుంటే నూలు ధర, రిబేటు, బకాయిలు, ఇవే మాట్లాడతారని మీకందరికీ తెలుసు. ఈసారి వాటిని పక్కన పెట్టి కంచంలో అన్నం గురించి మాట్లాడదామని వచ్చినాము. నేతగాళ్ళ సభలో అన్నం మాట ఏమిటికి అని కొందరు నవ్వొచ్చు. మగ్గం ఆడించే కళ్ళు, కాళ్ళు, వేళ్ళు చల్లగా ఉంటేనే కదా నూలు ధర మనకు పట్టేది. అందుకే ఈ మాట.

మేము చదివింది ఎనిమిదో తరగతి. డాక్టర్లం కాము. కానీ పిండి పదార్థం అంటే ఏమిటో నేతగాడికి ఒకరు చెప్పాల్సిన పని లేదు. అది గంజి. పట్టుకు పెద్దగా అవసరం లేకపోయినా, నూలు పడుగుకు గంజి పెట్టనిదే పని సాగదు. తక్కువైతే పోగు నూగు లేస్తుంది, ఎక్కువైతే బిరుసెక్కి పుటుక్కున తెగుతుంది. ఎంత పెట్టాలో చేత్తో తాకి చెప్పేవాళ్ళు మన పెద్దలు. పడుగుకు అంత కొలత చూసిన మనం, పొట్టకు మాత్రం కొలత లేకుండా పెడతా ఉన్నాము.

బెంగళూరులో మన ఇళ్ళలో ఒక రోజు ఊట ఎట్లా ఉందో ఒక్కసారి లెక్క పెట్టుకోండి. పొద్దున చిత్రాన్నమో, ఇడ్లీనో, ఉప్పిట్టో. పిల్లల డబ్బాలో పులియోగరె. మధ్యాహ్నం అన్నం, చారు. సాయంత్రం టీతో బన్నో, బోండానో. రాత్రి మళ్ళీ ముద్దో, అన్నమో. పేర్లు వేరే, రుచులు వేరే, లోపలికి పోయేది ఒకటే. ఉప్పిట్టులో రవ్వ ఉంది, ఇడ్లీలో బియ్యం ఉంది, ఆలుగడ్డ పల్యలో మళ్ళీ అదే పిండి ఉంది. ఉపవాసం రోజు సగ్గుబియ్యం తిన్నా అదీ పిండే. ఆ పిండంతా కడుపులోకి పోయి చక్కెరగా మారుతుంది. కష్టం చేసిన ఒంట్లో అది ఖర్చవుతుంది. చేయని ఒంట్లో మిగిలిపోతుంది.

మన తాతలు కూడా సంగటి, అన్నం తిన్నవాళ్ళే కదా, వాళ్ళకు రాని షుగరు మనకెందుకు అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ధర్మవరం నుంచో, హిందూపురం నుంచో, మదనపల్లె నుంచో వచ్చిన కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. ఆ ఊళ్ళలో గుంట మగ్గం తొక్కి, వీధిలో పడుగు చాపి, నీళ్ళు మోసి, సంతకు నడిచిపోయినవాళ్ళు వాళ్ళు. కబ్బన్‌పేటలో, యలహంకలో, దొడ్డబళ్ళాపురంలో ఇప్పుడు పవర్‌లూమ్ దగ్గర నిలబడి తెగిన పోగు అతికేవాళ్ళం మనం. మగ్గం మోటారు మీద నడుస్తుంది, మనం కదలం. అన్నం మాత్రం తాతల లెక్కలోనే వడ్డించుకుంటున్నాము.

ఇది మన ఒక్కరి కథ కాదు. భారత వైద్య పరిశోధన మండలి దేశమంతా 1,13,043 మందిని పరీక్షించి 2023లో లెక్క బయటపెట్టింది. దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉంది. ఇంకో 13 కోట్ల 60 లక్షల మంది దాని గడప దగ్గర నిలబడి ఉన్నారు. అదే అధ్యయనం నుంచి 2025లో వచ్చిన ఇంకో లెక్క ప్రకారం, మన దేశంలో మనిషి తినే తిండిలో శక్తి 62 శాతం పిండి, చక్కెరల నుంచే వస్తోంది.

నేతగాడికి షుగరు వస్తే ఏమవుతుందో మీరు చూస్తానే ఉన్నారు. మా సంఘంలో ఒక సభ్యుడు, జాకార్డ్ మీద ఎంత సన్నపు బుటా అయినా నేసిన చెయ్యి. అంచులో తెగిన పోగు కనిపించడం లేదని రెండుసార్లు అద్దాలు మార్చుకున్నాడు. ఆఖరికి కంటి డాక్టరు చూసి, అద్దాల తప్పు కాదు, షుగరు వల్ల కంటి వెనక నరాలు పాడైనాయి అన్నాడు. ఆ చెడు మొదట్లో నొప్పి పెట్టదు, అందుకే తెలియదు. ఇప్పుడాయన కండెలు చుట్టుకుంటున్నాడు. కూలి సగానికి పడిపోయింది. కాళ్ళకూ అంతే. పాదం తిమ్మిరెక్కితే మగ్గం తొక్కడం కష్టం, గుచ్చుకున్న ముల్లు కూడా తెలియదు, పుండు పడితే మానదు. మనకు పొలం లేదు, పింఛను లేదు. కళ్ళు, కాళ్ళే మన ఆస్తి.

అయితే ఎంత తినాలి? హైదరాబాదులో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్తగా ఆహార సూచనలు ఇచ్చింది. పెద్ద శ్రమ లేని మనిషికి రోజంతటికీ బియ్యం, గోధుమ, రాగి అన్నీ కలిపి 250 గ్రాములు చాలంది. ఉడికినాక కాదు, పచ్చి లెక్క. ఇడ్లీ పిండి, ఉప్పిట్టు రవ్వ కూడా అందులోనే. దాంతో పాటు కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పప్పు, గుడ్డు, మాంసం కలిపి 85 గ్రాములు ఉండాలంది. మన ఇళ్ళలో ఈ లెక్క తలకిందులుగా ఉంది.

ఒక మాట జాగ్రత్తగా వినండి. అన్నం మానేసి రాగి ముద్ద తింటే చాలు, ఎంతైనా తినొచ్చు అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. రాగి మంచిదే. బియ్యం కంటే పీచు ఎక్కువ, సున్నం చాలా ఎక్కువ. కానీ రాగిలో కూడా పిండే ఎక్కువ. మేము చెప్పిన 2025 లెక్కలోనూ ఇదే తేలింది. మొత్తం పిండి తగ్గించకుండా, పాలిష్ బియ్యం బదులు చిరుధాన్యమో గోధుమో పెట్టుకున్నంత మాత్రాన ప్రమాదం తగ్గలేదు. పిండిలో కొంత తగ్గించి ఆ చోట పప్పు, పాలు, పెరుగు వంటివి పెట్టుకుంటే తగ్గింది. కాబట్టి రెండు ముద్దల చోట ఒకటి, దాని పక్కన సొప్పు సారు నిండుగా.

ఇక డబ్బు మాట. బియ్యం అన్నభాగ్యలో ఊరికే వస్తుంది, పప్పు కొనాలి, ఇది నిజం. పేదవాడి కంచంలో అన్నం ఎక్కువ ఉండేది తిండిపోతుతనం వల్ల కాదు, అది చవక కాబట్టి. ఆ మాట ఒప్పుకునే చెబుతున్నాము. అయితే రేషను బియ్యం మీద ఇంకా సోనా మసూరి బస్తా కొనే ఇళ్ళు మనలో ఎన్ని లేవు? ఆ బస్తా నెమ్మదిగా వస్తే, మిగిలే డబ్బు పప్పుకు పోతుంది. కందిపప్పు ఒక్కటే పప్పు కాదు. ఉలవలు ఉన్నాయి, అలసందలు ఉన్నాయి, శనగలు, పెసలు ఉన్నాయి. చలికాలంలో అవరెకాయ వస్తే పితికిన పప్పు చేసుకోని ఇల్లు బెంగళూరులో ఉందా? గుప్పెడు వేరుశనగలు, ఒక గుడ్డు, ఇవి కూడా లెక్కే.

పాతకాలంలో మన ఇళ్ళలో ఎసట్లో పోసే ముందు పిడికెడు బియ్యం తీసి గుడి పేరిట వేరే కుండలో వేసేవాళ్ళు. అదే పద్ధతి ఇప్పుడు ఒంటి పేరిట చేద్దాం. పెద్దవాళ్ళు తలకు ఒక పిడికెడు బియ్యం తగ్గించండి, ఒక పిడికెడు పప్పో, కాయో పెంచండి. నెల రోజులు ఇట్లా చేసి, తర్వాత ఇంకొంచెం. తినేటప్పుడు ముందు కోసంబరి, కూర, పప్పు తిని తర్వాత అన్నం కలుపుకోండి. వరస మార్చినా చక్కెర అంత జోరుగా ఎక్కదు. తిన్న తర్వాత పది పదిహేను నిమిషాలు వీధి చివరిదాకా నడిచి రండి.

మగవాళ్ళకు ఒక ప్రత్యేక విన్నపం. మన ఇళ్ళలో ఆడవాళ్ళు ఆఖరున తింటారు. అప్పటికి పప్పు గిన్నె అడుగంటి ఉంటుంది, కూర అయిపోయి ఉంటుంది. మిగిలేది అన్నం, నీళ్ళ చారు, ఊరగాయ. పడుగు అతికేది, కండె చుట్టేది, పిల్లల్ని చూసేది ఆమె. ఆమెకు మాత్రం వట్టి పిండి. పప్పు వడ్డించుకునే ముందు ఇంట్లో ఇంకా ఎవరు తినాలో చూసుకోండి. వీలైతే అందరూ కలిసి కూర్చోండి. ఈ ఒక్కటి మారకుండా అన్నం తగ్గించమంటే, ఆమె పస్తుండమన్నట్టే అవుతుంది.

కొన్ని జాగ్రత్తలు కూడా చెప్పాలి. షుగరుకు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్ళు డాక్టరును అడగకుండా ఒక్కసారిగా అన్నం తగ్గించకండి, షుగరు పడిపోయి కళ్ళు తిరుగుతాయి. ఎదిగే పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు కడుపు మాడ్చకండి. వాళ్ళకు పప్పు, పాలు, గుడ్డు పెంచండి చాలు. 30 ఏళ్ళు దాటినవాళ్ళు మీ వార్డులో నమ్మ క్లినిక్‌కు పోయి పరీక్ష చేయించుకోండి. పరగడుపున 100 లోపు ఉంటే మంచిది, 126 అంతకు మించి వస్తే మళ్ళీ చూపించి మందు మొదలు పెట్టాలి. మధ్యలో ఉన్నవాళ్ళకే ఈ పిడికెడు లెక్క ఎక్కువ పనికొస్తుంది. షుగరు ఉన్నవాళ్ళు ఏడాదికొకసారి కంటి వెనక భాగం చూపించుకోవాలి. మన ఊళ్ళోనే మింటో ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది.

ఆఖరుగా సంఘాలకు మూడు మాటలు. ఒకటి, మీటింగుల్లో బన్ను, బిస్కెట్లు మాని ఉడికిన శనగలు పెడదాం. రెండు, ఏడాదికి రెండుసార్లు కూలి డబ్బు ఇచ్చే రోజే షుగరు పరీక్ష పెట్టిద్దాం, ఆ రోజు అందరూ వస్తారు కాబట్టి. మూడు, మన పెళ్ళిళ్ళ విస్తరిలో రెండు రకాల అన్నం తగ్గించి రెండు రకాల కూర పెంచుదాం. మర్యాదకు ఏ లోటూ రాదు.

మన పిల్లలు ఈ మగ్గం పడతారో లేదో మాకు తెలియదు. ఏ పని చేసినా కళ్ళు, కాళ్ళు కావాలి. రేపు పొద్దున ఎసరు పెట్టేటప్పుడు ఆ పిడికెడు గుర్తు పెట్టుకోండి.