కీమో అయిపోయిన తర్వాత

(ఆరోగ్య వేదికలో చేసిన ప్రసంగ పాఠం)

పక్క హాల్లో సినిమా వాళ్ళతో ముఖాముఖి జరుగుతుంటే కాన్సర్ గురించి వినడానికి ఇంతమంది వచ్చారంటే నాకు ఆశ్చర్యంగానే ఉంది.

నేను డాక్టర్ని కాను. కాకినాడలో ఇంజనీరింగ్ చదివి, ఇరవై ఏళ్ళుగా న్యూజెర్సీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్నవాణ్ణి. ఈ గదిలో డాక్టర్లు తక్కువలో తక్కువ పాతికమంది ఉంటారు. ఎక్కడైనా తేడాగా చెబితే సరిదిద్దమని మనవి. మా ఆవిడకి ఓవరీ కాన్సర్ వచ్చింది. ఈ సంగతి మైకులో చెప్పడానికి ఆమె అనుమతి ఇచ్చింది కానీ రెండు షరతులు పెట్టింది. తన పేరు చెప్పకూడదు, మధ్యలో నా గొంతు జీరబోకూడదు. మొదటిది మాత్రం నా చేతిలో ఉంది.

జబ్బు బయటపడిన రోజున ఏం చెయ్యాలో చెప్పేవాళ్ళు బోలెడుమంది. కీమో అయిపోయిన మర్నాటి నుంచి ఏం చెయ్యాలో చెప్పేవాళ్ళు తక్కువ. అందుకని నేను ఆ భాగమే మాట్లాడతాను.

ముందు కథ కొంచెం చెప్పాలి. 2021 మార్చిలో పొట్ట ఉబ్బరం, రెండు ముద్దలకే కడుపు నిండిపోవడం. మొదట గ్యాస్ అనుకున్నారు. తీరా చూస్తే 3సి స్టేజి. ఏప్రిల్‌లో ఆపరేషన్, తర్వాత మూడు వారాలకొకటి చొప్పున ఆరు కీమోలు, కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్. కోవిడ్ రోజులు కావడంతో నన్ను లోపలికి రానివ్వలేదు. పార్కింగ్ లాట్‌లో కారులో కూర్చుని ఆఫీసు మీటింగులు చేసేవాణ్ణి. ఆగస్టులో ఆఖరి కీమో రోజున నర్సులు ఆమె చేత గంట కొట్టించారు. ఆ ఫొటో వాట్సాప్‌లో పెట్టగానే ‘అమ్మయ్య, అయిపోయింది కదా’ అని వంద మెసేజీలు.

అయిపోలేదండీ. ఈ కాన్సర్ ముదిరిన స్టేజిలో దొరికిన వాళ్ళలో ఎక్కువమందికి మళ్ళీ వస్తుంది. ఆ మాట డాక్టరమ్మ ముందే చెప్పింది. గంట కొట్టిన తర్వాత మొదలైంది మూడు నెలల క్యాలెండర్. మొదటి రెండేళ్ళూ దాదాపు మూడు నెలలకొకసారి పరీక్ష, సీఏ-125 అనే రక్త పరీక్ష, అనుమానం ఉంటే సీటీ స్కాన్. మన ఇళ్ళల్లో ఉగాది నుంచి ఉగాదికి లెక్క. మా ఇంట్లో స్కాన్ నుంచి స్కాన్‌కి.

స్కాన్ వారం ఎలా ఉంటుందో అనుభవించిన వాళ్ళకి చెప్పక్కర్లేదు. ముందు ఆ కాంట్రాస్ట్ తాగాలి. తర్వాత నరం దొరకదు. అన్నిటికన్నా పెద్ద పరీక్ష ఫోనుది. 2021 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఫెడరల్ నిబంధన వల్ల, రిపోర్టు తయారైతే ఆలస్యం లేకుండా పేషెంటుకి కనబడాలి. మంచిదే, మన రిపోర్టు మనది. కానీ శుక్రవారం సాయంత్రం ఆరింటికి ఫోను టింగుమంటే? డాక్టర్ దొరికేది సోమవారం. రేడియాలజిస్టు ‘ఊపిరితిత్తిలో నాలుగు మిల్లీమీటర్ల మచ్చ, నాన్‌స్పెసిఫిక్’ అని రాస్తాడు. ఆ ఒక్క ముక్క పట్టుకుని మేం మూడు నెలలు గడిపాం. తర్వాతి స్కాన్‌లో అది పెరగలేదు, ఏమీ కాదన్నారు. అప్పటినుంచి మా ఇంట్లో ఒక ఒప్పందం. రిపోర్టు నేను తెరవను, ఆమె తెరవదు. డాక్టరమ్మ ఫోన్ చేశాక ఇద్దరం కలిసి చదువుతాం. నలుగురిలో ఉన్నప్పుడు ‘స్కాన్ ఏమైంది?’ అని ఎవరైనా అడిగితే జవాబు ‘ఇంకా తెలియదు’. అబద్ధం కాదు కదా.

జీన్ పరీక్షలో ఆమెకి బ్రాకా-1 మ్యుటేషన్ ఉందని తేలింది. దానివల్ల ఒక మేలు జరిగింది. అటువంటి వాళ్ళకి కీమో తర్వాత రెండేళ్ళపాటు ఒలాపరిబ్ అనే మాత్ర ఇస్తే చాలా తేడా ఉందని 2018లో సోలో-1 అనే పరిశోధన చూపించింది. ఏడేళ్ళ తర్వాత లెక్క చూస్తే మాత్ర వేసుకున్న వాళ్ళలో 67 శాతం, వేసుకోని వాళ్ళలో 46.5 శాతం బతికి ఉన్నారు. రోజుకి రెండుసార్లు మాత్ర, నీరసం, రక్తం తగ్గడం. రెండేళ్ళూ వేసుకుంది. 2023 సెప్టెంబరులో ఆపేశారు.

ఇక అసలు సంగతి. సీఏ-125 మామూలుగా 35 లోపు ఉండాలి. ఆమెకి ఎప్పుడూ 9. 2024 జనవరిలో 14. ఏప్రిల్‌లో 27. జూలైలో 52. సీటీ తీస్తే ఏమీ లేదు. మనిషికి నొప్పి లేదు, ఉబ్బరం లేదు, రోజూ మూడు మైళ్ళు నడుస్తోంది. అంకె మాత్రం పెరుగుతోంది.

నా వృత్తి మీకు తెలుసు. సర్వర్‌లో మెమరీ వాడకం అలా ఎక్కుతూ పోతే అర్ధరాత్రి పేజర్ మోగాలి, ఎవడో ఒకడు లేచి ఏదో ఒకటి చెయ్యాలి. కాబట్టి నెలనెలా పరీక్ష చేయించి, కీమో వెంటనే మొదలుపెట్టాలని నాకు ఉంది. ఎక్సెల్‌లో గ్రాఫు గీసి పట్టుకెళ్ళాను కూడా.

డాక్టరమ్మ గ్రాఫు మర్యాదగా చూసి 2010లో లాన్సెట్‌లో వచ్చిన ఒక పరిశోధన గురించి చెప్పింది. మొదటి కీమోతో పూర్తిగా తగ్గి, తర్వాత సీఏ-125 పెరిగిన 529 మంది ఆడవాళ్ళని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి అంకె పెరగగానే కీమో. రెండో గుంపుకి ఆ అంకె చెప్పనే లేదు. లక్షణాలు కనబడ్డాకే కీమో. మొదటి గుంపు దాదాపు 4.8 నెలలు ముందుగా కీమో మొదలుపెట్టింది. ఆయుర్దాయంలో తేడా? లేదు. మధ్యస్థ లెక్క ముందు మొదలుపెట్టిన వాళ్ళకి 25.7 నెలలు, ఆగిన వాళ్ళకి 27.1. పైగా ముందు మొదలుపెట్టిన వాళ్ళకి బాగున్న రోజులు త్వరగా అయిపోయాయి. అయితే ఆ పరిశోధన కాలానికి ఒలాపరిబ్ వంటివి లేవు, రెండో ఆపరేషన్ సంగతి తేలలేదు, అందుకని ఇవాళ డాక్టర్లందరూ ఒకే మాట మీద లేరు అని కూడా చెప్పింది. అలా చెప్పినందుకే ఆవిడ మీద మాకు గురి.

మా ఆవిడ సూటిగా అడిగింది. “ఇప్పుడే కీమో మొదలుపెడితే ఎక్కువ కాలం బతుకుతానా?”

“అలా చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు.”

“అయితే ఆ నాలుగైదు నెలలూ నావే. నేను తెనాలి వెళ్ళి అమ్మ దగ్గర ఉంటాను.” నా వైపు తిరిగి, “మీరు ఆ గ్రాఫు ఇంట్లో పెట్టండి,” అంది.

ఆ రాత్రి మేం చాలాసేపు వాదించుకున్నాం. చివరికి ఒక ప్రశ్న దగ్గర ఆగాం. వచ్చే నెల పరీక్షలో అంకె 70 వస్తే ఏం చేస్తాం? కీమో చేయించుకోను, అంది. 90 వస్తే? లక్షణాలు లేకపోతే అప్పుడూ చేయించుకోను, అంది. మరి ఏ జవాబు వచ్చినా మన పని మారనప్పుడు పరీక్ష ఎందుకు? ఇంజనీర్లకి కూడా ఇది అర్థమవుతుంది. ఎవరూ ఏమీ చెయ్యని అలారం ఆపెయ్యమని మా టీములో నేనే చెబుతాను. పొట్ట ఉబ్బరం, తొందరగా కడుపు నిండటం, కడుపునొప్పి, మాటిమాటికీ బాత్రూము. ఈ నాలుగిట్లో ఏది కనబడినా వెంటనే ఫోన్. లేకపోతే డిసెంబరులో స్కాన్. కాగితం మీద రాసుకుని ఫ్రిజ్‌కి అంటించాం.

ఆగస్టులో వెళ్ళింది. సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరదకి విజయవాడ మునిగిపోయింది గుర్తుందా? నేనిక్కడ ఆమె రక్తంలో అంకె ఎంతైందో అని నిద్రపోకుండా ఉంటే, ఆమె అక్కడ పెద్దక్కతో కూర్చుని వరద బాధితులకి పులిహోర పొట్లాలు కడుతోంది. దసరాకీ దీపావళికీ అక్కడే ఉంది.

ఇంకో పని కూడా చేసుకొచ్చింది. ఈ మ్యుటేషన్ ఆమెకి వాళ్ళ నాన్నగారి వైపు నుంచి వచ్చింది. మా మామగారి చెల్లెలు ఎప్పుడో ‘కడుపులో గడ్డ’ వచ్చి పోయిందని చెప్పుకునేవాళ్ళు. ఆ గడ్డ ఏమిటో ఎవరూ పలకలేదు. మగవాళ్ళు కూడా దీన్ని పిల్లలకి ఇవ్వగలరు. ప్రతి బిడ్డకీ సగం అవకాశం. బ్రాకా-1 ఉన్న ఆడవాళ్ళలో జీవితకాలంలో ఓవరీ కాన్సర్ వచ్చే అవకాశం సుమారు 40 శాతం, మామూలుగా అయితే ఒకటిన్నర శాతం కూడా ఉండదు. ఇంత సంగతి ఉంటే బంధువులు ఏమన్నారో తెలుసా? ‘పెళ్ళి కావలసిన పిల్లలున్న ఇల్లమ్మా, ఎవరికీ చెప్పకు.’ ప్రతి కన్వెన్షన్‌లోనూ మనం భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు గర్వంగా చెప్పుకుంటాం. లెడర్లీలో ఆయన బృందం తయారుచేసిన మందులతోనే 1940లలో సిడ్నీ ఫార్బర్ చిన్నపిల్లల లుకేమియాకి చికిత్స మొదలుపెట్టాడు. అటువంటి వాళ్ళం మన ఇంట్లో మాత్రం కాన్సర్ అన్న మాట గుసగుసగా అంటాం. మా ఆవిడ వినలేదు. అక్కచెల్లెళ్ళిద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. పెద్దక్కకి పరీక్షలో అదే మ్యుటేషన్ దొరికింది. ఆవిడ ఓవరీలు, ట్యూబులు తీయించుకుంది. అప్పటికి జబ్బు లేదు. చెల్లెలికి లేదు. మా అమ్మాయికి పదిహేడేళ్ళు. పరీక్ష ఎప్పుడు చేయించుకోవాలో పెద్దయ్యాక తనే తేల్చుకుంటుంది. అమెరికాలో ఉన్న వాళ్ళకి ఒక చిన్న సూచన. 2008 నాటి జీనా చట్టం హెల్త్ ఇన్సూరెన్స్‌కీ ఉద్యోగానికీ రక్షణ ఇస్తుంది గానీ లైఫ్ ఇన్సూరెన్స్‌కి ఇవ్వదు. పరీక్షకి ముందే ఆ పాలసీ సంగతి చూసుకోండి.

డిసెంబరు స్కాన్‌లో కనబడింది. పొత్తికడుపులో ఒకే ఒక్క లింఫ్ గ్రంథి, రెండు సెంటీమీటర్లు. మళ్ళీ తీసెయ్యాలా, లేక కీమోయేనా? ఇక్కడ పరిశోధనలే పోట్లాడుకుంటాయి. 2019లో వచ్చిన ఒకటి రెండో ఆపరేషన్ వల్ల ఆయుర్దాయం పెరగలేదంది. 2021లో వచ్చిన డెస్క్‌టాప్-3 పెరిగిందంది, 46 నెలల నుంచి 53.7కి. తేడా ఎక్కడంటే, ఆ రెండోదానిలో మనుషుల్ని ఏరి తీసుకున్నారు. మనిషి గట్టిగా ఉండాలి, మొదటి ఆపరేషన్‌లో ఏమీ మిగలకుండా తీసి ఉండాలి, పొట్టలో నీరు పెద్దగా ఉండకూడదు. అందులో కూడా గడ్డ పూర్తిగా తీయగలిగిన వాళ్ళకే లాభం.

ఒక సర్జన్ కీమో చాలన్నాడు. సీడీలు, స్లైడ్లు పట్టుకుని రెండో చోటికి వెళ్ళాం. పెట్ స్కాన్‌కి ఇన్సూరెన్స్ వాళ్ళు మొదట కుదరదన్నారు. డాక్టరమ్మ స్వయంగా వాళ్ళ డాక్టర్‌తో మాట్లాడాక ఒప్పుకున్నారు. రెండో సర్జన్ని మా ఆవిడ రెండే అడిగింది. ఇటువంటివి ఎన్ని చేశారు? ఇది మొత్తం వస్తుందని మీకు నమ్మకం ఉందా? జవాబులు విని, చేయించుకుంటానంది. 2025 జనవరిలో ఆపరేషన్, తర్వాత మళ్ళీ ఆరు కీమోలు. రెండో విడతలో రెండో డోసుకే కార్బోప్లాటిన్ పడలేదు. ఒళ్ళంతా దద్దుర్లు, ఆయాసం. మొత్తం మీద అది ఎనిమిదో డోసు. దాదాపు అక్కడే ఇలా జరగడం పరిపాటట. ఆ తర్వాత నుంచి గంటల తరబడి కొద్దికొద్దిగా ఎక్కించారు. ఆ తర్వాత తీసిన స్కానుల్లో ఇంతవరకూ ఏమీ కనబడలేదు. ఈసారి ఆమె సీఏ-125 చేయించుకుంటోంది. మళ్ళీ వస్తే ఏ ట్రయల్లో చేరాలో ముందే చూసుకోవాలనుకుంటోంది, అందుకని ఇప్పుడు ఆ అంకెతో ఆమెకి పని ఉంది.

స్నేహితులుగా మీరేం చెయ్యాలని చాలామంది అడుగుతారు. దయచేసి హనుమంతుడి ఫలం ఆకుల కషాయం వీడియోలు పంపకండి, మాకు ఇప్పటికి పద్నాలుగు వచ్చాయి. స్కాన్ రోజున పిల్లల్ని స్కూలు నుంచి తీసుకురండి. చారు, అన్నం, ఒక వేపుడు పెట్టండి. కీమో వారంలో గుత్తివంకాయ దిగదు.

ఇక్కడ ఉన్న ఆడపడుచులు అడగబోయే ప్రశ్న కూడా నాకు తెలుసు. ఏ లక్షణమూ లేకుండా మేం కూడా ఏటా సీఏ-125 చేయించుకోవాలా? బ్రిటన్‌లో రెండు లక్షలమందికి పైగా ఆడవాళ్ళ మీద చేసిన పరిశోధన ఫలితం 2021లో వచ్చింది. ఏటేటా పరీక్ష చేసినా మరణాలు తగ్గలేదు. ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉన్నవాళ్ళ సంగతి, ఫ్రిజ్ మీద రాసుకున్న ఆ నాలుగు లక్షణాలు వారాల తరబడి ఉన్నవాళ్ళ సంగతి వేరు. దాని గురించి నాకన్నా ముందు వరసలో కూర్చున్న ఆంకాలజిస్టులు బాగా చెబుతారు. మైకు వాళ్ళకి ఇస్తున్నాను, అడగండి.